పిన్ను గుచ్చిన డాలర్లు

టూర్ మేనేజరుగా నేను ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. జనాన్ని దేశాలు తిప్పి క్షేమంగా ఇళ్లకు చేర్చడమే ఆ పని. కొత్తగా చేరుతున్న పిల్లల కోసం అనుభవాలు రాసివ్వమని పాత ఆఫీసు వాళ్లు అడిగారు. రాస్తాను. అయితే ముందు ఒక మాట ఒప్పుకోవాలి. అది దాచి మిగతావన్నీ రాస్తే ఇదంతా అబద్ధమే అవుతుంది.

బాలి టూరులో మా డాలర్లు చెల్లకపోవడానికి కారణం సులోచనక్క పెట్టిన కుంకుమ బొట్టు కాదు. నా స్టేప్లరు. ఆ సంగతి నాకు అదే రోజు తెలిసింది. తెలిసి కూడా బస్సు నిండా ఉన్న మనుషుల ముందు ఇంకోటి చెప్పాను.

క్యాషియరు చెయ్యి

ట్రావెల్స్‌లోకి రాకముందు, ఎనభైల్లో, అంబర్‌పేటలో ఒక చిన్న సహకార బ్యాంకులో క్యాషియరుగా ఉండేవాణ్ని. అప్పట్లో మన బ్యాంకుల్లో నోట్ల కట్ట అంటే పిన్ను పడాల్సిందే. నోట్లు సర్ది, ఎడమ అంచున ఠక్కుమని పిన్ను కొట్టి, పైన చీటీ అంటించి సంతకం పెట్టేవాళ్లం. పిన్ను లేని కట్టను కస్టమరు నమ్మేవాడు కాదు, మధ్యలో ఎవరో ఒక నోటు లాగేశారనుకునేవాడు. కట్ట విప్పేటప్పుడు నోటు చిరగకుండా పిన్ను తీయడం ఒక విద్య. అందులో నేను మొనగాణ్ని.

బ్యాంకు మూతపడ్డాక ఉప్పల్ చౌరస్తాలో ఒక టైర్ల షాపు మీద ఉన్న ట్రావెల్స్ ఆఫీసులో చేరాను. ఓనరు దాస్ సార్. తీర్థయాత్రల బస్సులతో మొదలై, తర్వాత నేపాల్, ఆపైన సింగపూర్ దాకా ఎదిగిన మనిషి. చేరిన రోజే నన్ను కూర్చోబెట్టి ఒక పాఠం చెప్పాడు.

“చూడు మోహన్, గ్రూపు ముంగట నాకు తెల్వదు, నాది తప్పైంది అనే రెండు మాటలు అనొద్దు. గవి ఒక్కసారి నోట్లకెళ్లి వచ్చినయా, ఇంగ ఎవ్వడు నీ మాట ఇనడు.”

చాలా ఏళ్లు ఆ మాటను మంత్రంలా పాటించాను. ఈ వృత్తిలో నేను నేర్చుకున్న అతి చెడ్డ పాఠం అదే. పిల్లలూ, మీకు ఏ బాస్ అయినా ఈ మాట చెబితే విని వదిలేయండి.

బాలి చౌక!

తొంభై ఏడు చివర్లో ఇండోనేషియా డబ్బు కూలిపోవడం మొదలైంది. అక్కడ దాన్ని కూడా రూపాయి అన్నట్టే రుపియా అంటారు. రోజూ పేపరు తెరవగానే దాస్ సార్ ముందు ఆ వార్తే వెతికేవాడు. “అరే, ఇయ్యాల ఇంకింత పడ్డది!” అని టేబుల్ మీద చరిచేవాడు. ఒక దేశం డబ్బు పడిపోతుంటే మా ఆఫీసులో మిఠాయి పంచుకున్నాం. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది కానీ, అప్పటి ఉత్సాహం మాత్రం నిజం. నిన్నటిదాకా మనవాళ్లు కలలో కూడా అనుకోని చోటు, ఇప్పుడు ఊటీ ఖర్చుకు కాస్త ఎక్కువలో వచ్చేస్తోంది!

నాచారం, ఉప్పల్ కాలనీల్లో తిరిగి తొమ్మిది జంటలను పోగు చేశాను. రైల్వే వాళ్లు, ఫ్యాక్టరీల వాళ్లు, లాబొరేటరీల్లో రిటైరైన వాళ్లు. ఒక్కరు కూడా అంతకుముందు విమానం ఎక్కలేదు. గది, బస్సు మా ఖర్చు. తిండి, కొనుగోళ్లు ఎవరివి వాళ్లవి. అందుకని జంటకు మూడు వందల డాలర్లు పద్ధతి ప్రకారం తీసిపెట్టాం.

ఈ గ్రూపు కూడిందంటే సగం సులోచనక్క వల్లే. ఆమె నాచారంలో పదేళ్లుగా ఆడవాళ్ల చీటీ నడిపేది. నెలనెలా ఇరవై మంది ఆమె చేతిలో డబ్బు పోసేవాళ్లు. ఒక్క నెల ఆలస్యం లేదు, ఒక్క మాట తేడా లేదు. మిషను కుట్టి కూడబెట్టిన డబ్బుతో తనూ, భర్త రాజలింగం కూడా టూరుకు పేర్లిచ్చారు. ఆమె పేరు చూసి ఇంకో నాలుగు జంటలు చేరాయి. “సులోచన వోతుందంటే పైసలకు ఢోకా లేదు” అని ఒకామె నా ముందే అంది.

డాలర్లు చేతికొచ్చిన సాయంత్రం ఆఫీసులో కూర్చుని, అలవాటు చొప్పున, జంటకో కట్ట సర్దాను. ఇరవైలు, యాభైలు, కొన్ని పదులు. ప్రతి కట్టకూ ఎడమ అంచున, మూలకు దగ్గరగా పిన్ను కొట్టాను. తొమ్మిది సార్లు ఠక్, ఠక్. ఎంత అందంగా వచ్చాయో! దాస్ సార్ చూసి, “బ్యాంకు పనితనం పోలే నీకు” అని మెచ్చుకున్నాడు.

లక్ష్మికి బొట్టు

బయలుదేరే ముందురోజు అందరూ సులోచనక్క ఇంట్లో కలిశారు. ఆమె తొమ్మిది కట్టలనూ పళ్లెంలో పేర్చి దేవుడి ముందు పెట్టింది. పసుపు అక్షింతలు వేసి, ఒక్కో కట్ట మీది నోటుకు ఎడమ మూల ఉంగరం వేలితో కుంకుమ చుక్క పెట్టింది.

“అక్కా, నోట్లకు రంగంటుతదేమో” అన్నాను.

“లచ్చిమికి బొట్టు వెట్టకుంట ఊరు దాటిస్తమా తమ్మీ? మంచిగ పోయి మంచిగ రావాలె” అంది.

నాకూ తప్పనిపించలేదు. మన నోట్ల మీద పసుపూ ఉంటుంది, కుంకుమా ఉంటుంది, పాలవాడి లెక్కా ఉంటుంది. అవన్నీ చెల్లుతూనే ఉంటాయి.

రైల్లో చెన్నై, అక్కడి నుంచి సింగపూర్ మీదుగా బాలి. విమానం లేచినప్పుడు రాజలింగం నా చెయ్యి పట్టుకుని, దిగేదాకా వదల్లేదు. రైల్వేలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి, “గిది పట్టాల మీద లేదు గదా మోహన్” అని మళ్లీ మళ్లీ అడిగాడు. విమానాశ్రయంలో మా గైడు వయన్ నవ్వుతూ నిలబడి ఉన్నాడు. పాతికేళ్ల బాలి కుర్రాడు. వచ్చీరాని ఇంగ్లీషు, చేతులతో ముప్పావు భాష. మెళ్లో బంతిపూల దండలు పడగానే మావాళ్లు పిల్లలైపోయారు.

గంట గంటకో రేటు

మర్నాడు పొద్దున్నే డబ్బు మార్చడానికి కూటా బజారుకు తీసుకెళ్లాడు వయన్. రంజాన్ సెలవులు, బ్యాంకులు మూత. దారి పొడవునా డబ్బు మార్చే చిన్న కొట్లు, ప్రతి కొట్టు ముందు ఒక పలక, పలక మీద సుద్దతో రేటు. మేం చూస్తుండగానే ఒక కుర్రాడు తడిగుడ్డతో అంకె తుడిచి కొత్తది రాశాడు. ఎదురు కొట్టువాడు అది చూసి తనదీ మార్చాడు. నాకు ఒళ్లు పులకరించింది! డాలరుకు పదకొండు వేలు, పన్నెండు వేలు, మళ్లీ పదకొండున్నర.

మా గ్రూపులో లెక్కల మనిషి సుబ్బారావు గారు. లాబొరేటరీలో సైంటిస్టుగా రిటైరైన గుంటూరు పెద్దాయన. జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీదే లెక్కేశారు.

“ఏవండోయ్, మూడు వందల డాలర్లంటే ముప్పై లక్షల పైమాటే! మనమందరం లక్షాధికారులం!”

బస్సంతా ఒకటే గోల. “ఓ లచ్చాధికారీ, జర ఆ కిటికీ తియ్యి” అని ఒకరు. “నా లచ్చలకు సంచి సాలది, నీ చీర కొంగు ఇయ్యి” అని ఇంకొకరు. రాజలింగం మీసం దువ్వుకుంటూ దిగాడు.

మొదట సులోచనక్కే ముందుకెళ్లింది. పిన్ను జాగ్రత్తగా తీసి కట్ట కౌంటరు మీద పెట్టింది. కొట్టువాడు పై నోటు తీశాడు, వెలుగుకు పట్టాడు, ఎడమ మూల గోటితో తట్టి వెనక్కి తోశాడు. రెండో నోటు. మూడోది. అన్నీ అలాగే చూసి, కట్టంతా వెనక్కి తోసి తల అడ్డంగా ఊపాడు.

పక్క కొట్టూ అంతే. దాని పక్కదీ అంతే. మిగతా ఎనిమిది కట్టలదీ అదే గతి. ప్రతివాడూ ఎడమ మూలే తడుతున్నాడు. మేం చూసేదీ ఆ మూలే. అక్కడ ఎర్రటి చుక్క.

“నీ పూజ పాడుగాను!” అని అరిచాడు రాజలింగం. “పైసలకు బొట్టు వెట్టుడేంది? గివేమన్న కొత్త పెండ్లికూతుళ్లా?”

కొందరు నవ్వారు. కొందరు నవ్వలేదు. సులోచనక్క కొంగు తడిపి నోటు తుడవబోయింది. చుక్క కాస్తా పాకి నోటు మూల గులాబీ రంగుకు తిరిగింది.

ఎండలో రెండు చుక్కలు

వయన్ నన్ను పక్కకు పిలిచాడు. సుబ్బారావు గారి కట్టలోంచి అడుగున ఉన్న ఒక నోటు తీసుకుని ఎండకు ఎత్తిపట్టాడు. దాని మీద కుంకుమ జాడే లేదు. ఎడమ అంచున రెండు సన్నని వెలుగు చుక్కలు.

“చిల్లు, బాస్” అన్నాడు. “చిల్లు, మడత, రాత... మా దగ్గర ఏదీ వద్దు. ఇప్పుడైతే అసలు వద్దు. అందరికీ డాలరే కావాలి, అదీ కొత్త డాలరే కావాలి. రుపియా ఎవడూ నమ్మడు. దాచుకునే డబ్బు కదా బాస్, చిల్లుంటే ఎట్లా దాచుకుంటాడు?”

నాకు ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. ఆమె చుక్క పడినవి తొమ్మిది నోట్లు. నా పిన్ను పడనిది ఒక్కటీ లేదు. మావాళ్లు ఆ చిల్లులు చూడలేదని కాదు. చిల్లు లేని నోటు మనలో ఎవరం చూశాం? అందుకే ఎవరి కంటికీ ఆనలేదు.

బస్సులోకి తిరిగి వచ్చేసరికి సుబ్బారావు గారు సరైన ప్రశ్నే పట్టుకుని కూర్చున్నారు.

“మోహనూ, ఒక సంగతి చెప్పవయ్యా. ఆవిడ బొట్టు పెట్టింది పై నోటుకే కదా? అడుగు నోటు ఏం పాపం చేసిందంటావ్?”

పద్దెనిమిది మంది నా వైపు చూస్తున్నారు. సులోచనక్క కూడా చూసింది. ఆమె ముఖంలో ఆశ కనబడింది. వీడికి తెలుసు, వీడు చెబుతాడు అన్నట్టు.

“పొడి కదండీ, లోపలికి రాలి ఉంటుంది” అన్నాను.

అంతే. ఒక్క వాక్యం. ఆమె తల దించుకుంది. నా ఉద్యోగంలో నేను చేసిన తప్పులు పిన్ను కొట్టడంతో కలిపి చాలా ఉన్నాయి. అవన్నీ తెలియక చేసినవి. ఇది తెలిసి చేశాను.

ఆ మధ్యాహ్నం హోటలు గదిలో పేపర్లు పరిచి సులోచనక్క తెచ్చిన పులిహోరే అందరం తిన్నాం. దారికని రెండు డబ్బాలు కట్టుకొచ్చింది. తిట్టినవాళ్లకూ తనే వడ్డించింది. సాయంత్రం వయన్ అక్కడి పెద్ద పట్నం డెన్‌పసార్‌లో తనకు తెలిసిన బంగారు కొట్టు యజమానిని ఒప్పించాడు. ఆయన నోట్లన్నీ తీసుకున్నాడు కానీ, అయిదో వంతు కోత పెట్టాడు. అప్పటికి మాకు అదే మహాప్రసాదం.

డబ్బు పడిపోతున్న దేశంలో

ఇక మీకు పనికొచ్చే నాలుగు మాటలు. ఆ వారం రోజుల్లో నేర్చుకున్నంత నేను తర్వాత పదేళ్లలో నేర్చుకోలేదు.

ఉన్న డాలర్లన్నీ ఒకేసారి మార్చకండి. మేం మళ్లీ ఎవరూ తీసుకోరన్న భయంతో మొదటిరోజే అన్నీ మార్చాం. రెండు రోజులకే రేటు ఇంకా పెరిగింది. ఏ పూటకు ఎంత కావాలో అంతే మార్చిన వేరే దేశపు జంట ఒకటి మా హోటల్లోనే మాకంటే హాయిగా గడిపింది. పలక మీద అందరికంటే ఎక్కువ రేటు రాసినవాడి దగ్గర ఆగకండి. వాడు నోట్లు లెక్కపెడుతూ నాలుగు కౌంటరు కిందికి జారుస్తాడు. మా హోటల్లో దిగిన ఇంకో టూరిస్టు అలా రెండు లక్షల రుపియా పోగొట్టుకుని లబోదిబోమన్నాడు. చివరిగా లెక్కపెట్టే చెయ్యి మీదే కావాలి. ఆ తర్వాత వాణ్ని కట్ట ముట్టుకోనివ్వకండి. ఇక నోట్లకు పిన్ను కాదు కదా, రబ్బరు బ్యాండు కూడా వద్దు. పుస్తకంలో పరిచి తీసుకెళ్లండి.

ఇవన్నీ చిన్నవి. అసలుది ఇంకోటి.

మూడో రోజు గుడి ముందు ఒకామె బట్టలు అమ్ముతోంది. లుంగీలాంటి రంగురంగుల గుడ్డలు. రాజలింగం బేరం మొదలుపెట్టి సగానికి దించి, ఇంకా దించుతున్నాడు. నేనూ వంతపాడుతున్నాను. ఎంత హుషారు! భాష రాకపోయినా వేళ్లతో, కళ్లతో యుద్ధం. వయన్ ఎప్పుడూ నవ్వే మనిషి, ఆరోజు నవ్వలేదు.

“బాస్, ఆమె ఈ గుడ్డ నిన్నటి ధరకు కొన్నది. మీరు చెప్పే ధరకు రేపు నూలు కూడా రాదు” అన్నాడు. తర్వాత తనే చెప్పాడు, వాళ్లావిడ పొద్దున్నుంచి పాలపొడి కోసం లైన్లో నిలబడి ఉందని. చంటిపిల్ల ఉంది. డబ్బా ధర వారంలో రెండింతలైంది. అతని జీతం మాత్రం పాత అంకె దగ్గరే ఉంది.

నేను తెలుగులో చెప్పకుండానే ఆ మాటలు ఒక్క సులోచనక్కకే అర్థమయ్యాయనిపిస్తుంది. అమ్మే ఆమె మొదట అడిగిన ధర ఎంతో అంతా ఇచ్చి ఒక గుడ్డ తీసుకుంది. రాజలింగం నెత్తి కొట్టుకున్నాడు.

“నువ్వూర్కో. ఆమెకూ ఇల్లున్నది” అంది.

చౌక అని మనం మురిసేది అక్కడివాళ్ల జీతం విలువ తరిగితేనే వస్తుంది. మీ గ్రూపుకు ఈ ముక్క విమానం ఎక్కకముందే చెప్పండి. బేరం ఆడొద్దని కాదు. ఎక్కడ ఆపాలో తెలియాలి.

మిగతా రోజులు అద్భుతంగా గడిచాయి. అగ్నిపర్వతం అంచున నిలబడి సుబ్బారావు గారు చిన్నపిల్లాడిలా గంతులేశారు. సముద్రం ఒడ్డున తొమ్మిది మంది ఆడవాళ్లూ చెప్పులు విసిరేసి పరిగెత్తారు. మన గుళ్లలో చూసిన దేవుళ్లే అక్కడ నల్లరాతిలో, గళ్ల గుడ్డ కట్టుకుని కనబడితే అందరి కళ్లూ చెమర్చాయి. సులోచనక్క కూడా నవ్వింది. అయితే ఎవరైనా డబ్బు లెక్కపెడుతుంటే మాత్రం లేచి దూరంగా వెళ్లిపోయేది.

నాచారంలో

తిరిగొచ్చాక దాస్ సార్‌కు నిజం చెప్పాను. తలుపు దగ్గరికి వేశాడు.

“నోరు మూస్కో. కుంకుమ అంటే గాడికి ఒడిసింది. పిన్ను అంటే తొమ్మిది ఇండ్లకు మనం కోత కట్టియ్యాలె.”

నేను నోరు మూసుకున్నాను. ఆ ఆఫీసులో మళ్లీ ఎప్పుడూ డాలర్లకు పిన్ను పడలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

నాచారంలో మాత్రం మాట పాకింది. నవ్వులాటగానే మొదలైంది. “డాలరమ్మ వస్తున్నది” అనేవాళ్లు. తర్వాత నవ్వు తగ్గి మాట మిగిలింది. టూరుకు రాని ఆడవాళ్లకు ఏం జరిగిందో సరిగ్గా తెలియదు. ఆమె చెయ్యి పడితే పైసలు ఖరాబైనాయట అన్నంతవరకే తెలుసు. పాత చీటీ ముగిశాక కొత్తదానికి ఇరవై మందికి ఏడుగురే వచ్చారు. ఏడుగురితో చీటీ నడవదు. పదేళ్లు ఎవరింట పెళ్లయినా, ఎవరికి దవాఖానా అయినా డబ్బు అందించిన చేతులు మిషను చక్రం మీదికే పరిమితమైపోయాయి. రాజలింగం ఇంటి ఖర్చు కూడా తన చేతిలోకి తీసుకున్నాడు.

ఇవన్నీ నాకు తెలుసు. నేనుండేది పక్క వీధిలోనే. ఆమె గేటు ముందు నుంచి వెళ్లాల్సి వస్తే మల్లాపూర్ వైపు చుట్టు తిరిగి వెళ్లేవాణ్ని.

ఈ మధ్యే

రిటైరయ్యాక ఈ రాతకోసం కాగితం ముందు కూర్చుంటే మొదటి వాక్యమే ముందుకు సాగలేదు. నాలుగు రోజులు చూసి, అయిదోరోజు పొద్దున ఆమె ఇంటికి వెళ్లాను.

సులోచనక్క వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. రాజలింగం పేపరు చదువుతున్నాడు. కూర్చోకముందే చెప్పేశాను. పిన్ను, చిల్లులు, వయన్ ఎండలో చూపించింది, బస్సులో నేను అన్న మాట. అన్నీ.

ఆమె కాయలు తుంచడం ఆపింది.

“సుబ్బారావు సారు మొన్న దసరాకు పోయిండు” అంది. “గాయన గట్టిగ అడిగిండు నిన్ను. గాయనకు ఎవలు జెప్తరు?”

నేను మెట్టు మీద కూర్చోగానే ఆమె భర్త వైపు చెయ్యి చూపింది.

“ముందుగాల ఈనకు మల్లొకపారి జెప్పు. బిగ్గరగ జెప్పు, చెవులు తక్కువైనయి.”

మళ్లీ చెప్పాను. రాజలింగం పేపరు మడిచి, భార్య వైపు చూడకుండా, నా వైపూ చూడకుండా, గోడ వైపు చూశాడు. “నేను గిన్నేండ్లు డాలరమ్మ, డాలరమ్మ అంటి గదనే” అని గొణిగాడు.

“అన్నవ్. ఇప్పుడు లోపలికి వోయి నా నంబర్ల బుక్కు తే” అందామె.

ఆ బుక్కులో పాత చీటీ వాళ్ల నంబర్లు ఉన్నాయి. టూరువాళ్లవి ఉన్నాయి. ఎన్నో కొట్టేసి ఉన్నాయి, కొన్నింటి పక్కన కొడుకులవో కూతుళ్లవో కొత్త నంబర్లు రాసి ఉన్నాయి. ఒక్కో నంబరూ ఆమే నొక్కి, స్పీకరు పెట్టి, ఫోను నా ముందు పెట్టింది. నేను చెప్పాను. ఒకరు నవ్వారు. ఒకరు తిట్టారు. ఒకామె, “అయ్యో, నేనే గదా చీటీ బందు వెట్టిచ్చింది” అని ఏడ్చేసింది. సుబ్బారావు గారింటికి చేస్తే ఆయన భార్యే ఎత్తింది. “మా ఆయన పోయేదాకా అంటూనే ఉన్నారు బాబూ, ఆ అడుగు నోటు సంగతి తేలలేదని” అంది.

పన్నెండు ఫోన్లు. గంటన్నర పట్టింది. బుక్కు మూసి, చెంగుతో ముఖం తుడుచుకుని, ఆమె నా కళ్లలోకి సూటిగా చూసింది.

“అందరికి జెప్పినవ్ తమ్మీ. ఏమైందో జెప్పినవ్, ఎట్లైందో జెప్పినవ్. నాకేమన్న జెప్పినవా?”

అప్పుడు తెలిసింది, పొద్దున్నుంచి నేను అనని మాట ఏదో. లేచి నిలబడి చేతులు జోడించాను.

“తప్పు నాది సులోచనక్కా. నీ పేరు పోతుంటే తెలిసీ చూస్తూ ఊరుకున్నాను. నన్ను క్షమించు.”